టీకాలును తల్లులును

పురిటియింటి గడప లోపలికి క్రొత్తవారు అడుగిడరాదను నియమమును మన గ్రామములందు పెద్దలు తరతరములుగా పాటించుచు వచ్చిరి. గుమ్మమునకు వేపమండ కట్టుట, వాకిట నిప్పుల కుంపటి నుంచుట, బయటినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొననిదే లోనికి పోకుండుట, ఇవన్నియు మీరెఱిగినవే. ఈ యాచారములలో దృష్టిదోష భయము కొంత గలదు. అంటువ్యాధుల యెడ జాగరూకతయు కొంత గలదు. ఏది యెంతయో విడదీసి చెప్పుట కష్టము. అట్టి గడపయొద్దకు చేత చిన్న కత్తి పట్టుకొని సర్కారు మనుష్యుడొకడు వచ్చి బిడ్డ చేయి చూపుమనినప్పుడు లోపలనున్న బాలింత యేమి తలచెను? ఆమె యత్తగారేమి చెప్పెను? టీకాల చరిత్రను వైద్యులు తమ వైపునుండి పలుమాఱులు వ్రాసిరి. తల్లుల వైపునుండి చూచినచో అదే చరిత్ర మఱియొక రీతిగ కనబడును. ఆ రీతిని మహాశయులైన మీకు విన్నవించుటయే నేటి ప్రసంగమునందలి ఉద్దేశము.

మొదట మశూచికమును గుఱించి చెప్పవలెను. ఏలనన టీకా యను మాట మన దేశమున ఆ రోగముతోడనే పుట్టినది. మన ప్రజలు దానిని రోగమని పిలువలేదు. "అమ్మవారు పోసినది" అనుటయే వాడుక. పెద్దమ్మవారు వేఱు, ఆటలమ్మ వేఱు, తట్టు వేఱు. ఈ భేదములను మన ముసలమ్మలు వైద్యుల కంటె ముందుగనే గుర్తుపట్టుచుండిరి. రోగి దేహమున గ్రామదేవత వేంచేసి యున్నదని నమ్మిక గనుక ఇంట తాలింపు వేయరాదు, వేపమండలతో విసరవలెను, చలువ పదార్థములే పెట్టవలెను. వచ్చిన తల్లిని మర్యాదగ సాగనంపుటయే కర్తవ్యము గాని ఎదిరించుట కాదు. చూలింతను మాత్రము ఆ యింటి ఛాయలకు పోనిచ్చెడివారు కారు. ఈ కడపటి కట్టుబాటును మూఢత్వమని కొట్టివేయుటకు వీలులేదు. మదరాసు అంటురోగముల ఆసుపత్రిలో డాక్టరు ఏ. రామచంద్రరావుగారు 1960 తరువాతి సంవత్సరములలో వేలకొలది మశూచి రోగులను పరిశీలించి వ్రాసిన దానిని బట్టి, ఇతర స్త్రీలకంటె గర్భిణులకు మశూచి మిక్కిలి ప్రాణాంతకము. రక్తస్రావముతో కూడిన ఘోరరూపము వారికే హెచ్చుగ వచ్చుచుండెను. గర్భము నిలుచుటయు అరుదుగ నుండెను. శాస్త్రజ్ఞుడు లెక్కించి చెప్పినదానిని ముసలమ్మ లెక్కింపకయే ఆచరించినది.

మశూచికమునకు మశూచికముచేతనే అడ్డుకట్ట వేయు పద్ధతి జెన్నరు కంటె చాల పూర్వము ఆసియా ఖండమున నుండెను. తేలికగ పోసిన రోగి పొక్కునుండి కొంచెము రసిని తీసి ఆరోగ్యవంతుని చేతిపై గీరి పెట్టుటయే ఆ పద్ధతి. బెంగాలు దేశమున దీనిని వృత్తిగ చేయువారిని టీకాదారులనుచుండిరి. మన 'టీకా' యను మాట అందుండియే వచ్చినది. 1767లో హాల్వెల్ అను ఆంగ్ల వైద్యుడు ఆ బ్రాహ్మణుల పద్ధతిని వర్ణించి లండను వైద్యుల సభకు నివేదించెను. గీటు పెట్టుకొనువారు ముందుగ నెలదినములు చేపలు, పాలు, నెయ్యి మాని పథ్యము చేయుచుండిరట.

ఇదే పద్ధతిని ఐరోపాకు కొనిపోయినది ఒక తల్లి. లేడీ మేరీ మాంటెగ్యూ అను ఆంగ్ల వనితకు 1713లో తమ్ముడు మశూచిచే మరణించెను. 1715లో ఆమెకే అది సోకి, కనుఱెప్పల వెండ్రుకలు రాలి, ముఖము చెడిపోయెను. పిమ్మట భర్త తుర్కీదేశమునకు రాయబారిగ వెళ్లగా ఆమెయు వెళ్లి, అచ్చటి ముసలి స్త్రీలు కాయచిప్పలో రసి తెచ్చి పిల్లలకు గీటు పెట్టుటను కన్నులార చూచెను. 1718 జనవరిలో ఆమెకు ఆడుబిడ్డ కలిగెను. మార్చిలో, అనగా రెండు మాసముల బాలింతగ నున్నప్పుడే, భర్త ఊర లేని సమయమున, ఐదేండ్ల కుమారునికి గీటు పెట్టించెను. ఇది క్రైస్తవులకు తగని పని యని రాయబారి కార్యాలయపు మతగురువు ఆక్షేపించెనట. ఐనను పసికందునకు మాత్రము ఆమె అప్పుడు చేయింపలేదు. కారణ మేమన, ఆ బిడ్డకు పాలిచ్చు దాదికి అంతవఱకు మశూచి రాలేదు. బిడ్డనుండి దాదికి అంటునేమోయని భయము. 1721లో లండనులో మశూచి ప్రబలినప్పుడు గాని ఆ కూతునకు గీటు పడలేదు. ధైర్యము, శంక, ఇతరుల ప్రాణముపై దయ, ఈ మూడును ఒక్క తల్లి మనస్సులోనే ఉండెను. గీటు పెట్టించుకొన్నవారిలో నూటికి ఒకరో ఇద్దఱో మరణించుచుండిరి. ప్రకృతిసిద్ధముగ సోకినచో నూటికి ఇరువదిమందికి పైగ. ఈ రెండు అంకెలనడుమ బిడ్డను నిలిపి నిర్ణయింపవలసిన భారము తల్లిదే యయ్యెను.

1796 మే 14వ తేదీన ఎడ్వర్డ్ జెన్నరు, సారా నెల్మ్స్ అను పాలుపితుకు స్త్రీ చేతిపై లేచిన ఆవుపొక్కునుండి రసిని తీసి జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలునకు పెట్టెను. తరువాత ఆ బాలునకు మశూచి రసి పెట్టినను అంటలేదు. 1798లో జెన్నరు గ్రంథము వెలువడెను. ఈ క్రొత్త పద్ధతిలో ప్రాణభయము అత్యల్పము; ఒకరినుండి ఒకరికి మశూచి వ్యాపించు ప్రమాద మసలే లేదు. ఇక మిగిలిన చిక్కు ఆ మందును దూరదేశములకు చేర్చుట. వేసవి తాపమునకు రసి చచ్చిపోవును. దారములకు పూసి, గాజుపలకల నడుమ నుంచి పంపినను చాల మాఱులు వృథయయ్యెను. నిలువచేయుటకు నమ్మదగిన పాత్ర యొక్కటే దొరకెను: బిడ్డ చేయి.

శ్రోతలు ఈ మాటను కొంచెము నిలిచి ఆలోచింప ప్రార్థన. టీకా వేసిన ఎనిమిదవనాటికి బిడ్డ చేతిపై పొక్కు నిండును. ఆ పొక్కును చిట్లించి అందలి రసితో మఱికొందఱు బిడ్డలకు టీకా వేయవలెను; వారి పొక్కులనుండి మఱికొందఱికి. ఈ గొలుసు ఒక్కచోట తెగినచో మందు పోయినట్లే. 1803లో స్పెయిను రాజు తన అమెరికా రాజ్యములకు టీకా పంపదలచి బాల్మిస్ అను వైద్యుని నావ నెక్కించినప్పుడు, ఆయనతో ఇరువదిరెండుగురు అనాథ బాలురు పయనమైరి. త్రోవలో ఇద్దఱిద్దఱికి వరుసగ టీకా వేయుచు రసిని సజీవముగ సముద్రము దాటించిరి. అనాథలనే యేల కొనిపోయిరి? తల్లి యున్న బిడ్డను అట్టి పనికి ఎవ్వరిత్తురు? ఆ బాలురను సాకుటకు వెళ్లిన ఇసబెల్ సెండాల్ అను దాది మాత్రము తన కుమారుని గూడ వెంటబెట్టుకొని పోయినది. లోకోపకార చరిత్రలలో ఆమె పేరు చాలకాలము కానరాదు.

మన దేశమునకు ఆ రసి వియన్నా, కాన్‌స్టాంటినోపిల్, బాగ్దాదు, బస్రాల మీదుగ వచ్చి 1802లో బొంబాయి చేరెను. ఆ సంవత్సరము జూను 14వ తేదీన అన్నా డస్టహాల్ అను మూడేండ్ల పిల్లకు టీకా వేయగా అది పట్టినది. ఆమె ఒక సేవకుని బిడ్డ. మఱుసటి వారము ఆ చిన్నిచేతినుండియే మఱి యైదుగురు పిల్లలకు టీకా వేసిరి. అచ్చటినుండి పూనా, సూరతు, హైదరాబాదు, మదరాసులకును, మదరాసునుండి ఓడపై మఱల బిడ్డల చేతులమీదుగనే కలకత్తాకును ఆ రసి ప్రాకెను. ఈ దేశమున మొదటి తరమువారికి పడిన టీకాలన్నిటికి మూలము ఆ మూడేండ్ల పిల్ల యనవచ్చును. ఆమెకు టీకా వేయించుటకు తల్లి యెట్లు సమ్మతించెనో, అసలు అడిగిరో లేదో, కాగితములపై లేదు.

ఇక మన చెన్నపురి రాజధానిని చూతము. డాక్టరు జేమ్స్ ఆండర్సను మొదలగువారి యుత్సాహముచే టీకాలు వేయువారిని నియమించి తాలూకాలకు పంపిరి. స్వామినాయకుడను దేశీయుడు ఆ శాఖలో మొదటి తరమువాడై పేరు గాంచెను. శీతకాలమున టీకాలవాడు గ్రామమునకు వచ్చును. కరణము, మునసబు తోడువత్తురు. మొదటిమాఱు తల్లులు కొందఱు బిడ్డలను తెత్తురు. ఎనిమిదవ దినమున రసి తీయుటకు అతడు మఱల వచ్చుసరికి వాకిళ్లు మూతపడియుండును. తల్లులు బిడ్డలతో పొలములకో పుట్టిండ్లకో పోయియుందురు. అధికారులు ఇది యంతయు అజ్ఞానమనియు దేవతాభయమనియు తమ నివేదికలలో వ్రాసికొనిరి. దేవతాభయము లేకపోలేదు. కాని నాకు తోచునదేమన, టీకా వేయించుకొని వెళ్లిన తల్లియే ఎనిమిదవనాడు దాగినదన్నచో, ఆమె భయము దేవతను గుఱించి కాదు, కత్తిని గుఱించి. ఎఱ్ఱగ వాచి జ్వరముతో నేడ్చుచున్న బిడ్డ చేతిని మఱల కోసి, ఊరి పిల్లలకందఱికి పంచుట ఏ తల్లికి సమ్మతము? బిడ్డ సత్తువ ఆ రసితో పోవునని కొందఱు; వేఱు కులపు బిడ్డ రసి తమ బిడ్డలో చేరునని కొందఱు. రసి మోయు బిడ్డలను ఊరూర త్రిప్పుటకై పేద తల్లులకు కొంత రొక్కమిచ్చు పద్ధతియు వచ్చెను. అందువలన సందేహము హెచ్చినదే గాని తగ్గలేదు. మంచిపనియైనచో డబ్బేల యిత్తురని గ్రామస్థుల తర్కము.

ఆ తల్లుల శంక పూర్తిగ నిష్కారణము కాదని తరువాత ఐరోపాలోనే ఋజువయ్యెను. 1861లో ఇటలీ దేశమున రివాల్టా అను గ్రామమున ఒక బిడ్డ రసితో పలువురికి టీకాలు వేయగా, ఆ బిడ్డకున్న సవాయి రోగము ఇతర శిశువులకును, ఆ శిశువులకు చనుబాలిచ్చిన తల్లులకును, దాదులకును అంటుకొనెను. ఆ పిమ్మటనే దూడల చర్మముపై రసిని పెంచి, అందుండి మందు చేయు పద్ధతి ఐరోపాలో వ్యాపించెను. ఇంగ్లాండున చేతినుండి చేతికి టీకా వేయుటను 1898లో నిషేధించిరి. మన రాజధానిలో కర్నల్ కింగ్ అను వైద్యాధికారి దూడ రసిని చెడకుండ నిలువచేయు నుపాయములను కనుగొనెను. ఆయన పేర గిండీలో వెలసిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇరువదవ శతాబ్దమున దక్షిణదేశమున కంతటికి రసి పంపినది. దూడను కోయుటకు హిందువులు కొందఱు అభ్యంతరము చెప్పిరి. ఐనను తల్లుల కిది యెంతో మేలుగ తోచెను. తన బిడ్డ చేతిని రెండవమాఱు కోయుట లేదు గదా.

ఒప్పించుటకై పెద్దలు త్రొక్కిన దారులలో ఒకటి చిత్రమైనది. ద్రావిడ భాషలు సంస్కృతజన్యములు కావని 1816లో క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నిరూపించిన ఎల్లిస్ దొరను మన పండితు లెఱుగుదురు. ఆయన మదరాసు కలెక్టరుగ నుండినవాడు. టీకా మన శాస్త్రములలోనిదే యని బ్రాహ్మణులను నమ్మించుటకై ఆయన సంస్కృతమున కొన్ని శ్లోకములు కూర్చి, పాత కాగితముపై వ్రాయించి, ప్రాచీన గ్రంథమని ప్రచారము చేయించెనని చెప్పుదురు. ధన్వంతరికిని శక్తికిని సంవాదముగ అరవమున మఱియొక రచనయు ఆయనదే. ఇట్టి శ్లోకములను నిజమని నమ్మి, జెన్నరుకంటె ముందే హిందువులు గోమశూచి టీకా నెఱుగుదురని తరువాతివారు పలువురు వ్రాసిరి, ఇప్పటికిని వ్రాయుచున్నారు. ఉద్దేశము మంచిదే కావచ్చును, కాని అసత్యముతో గెలిచిన నమ్మకము అసత్యము బయటపడిననాడు రెండింతలుగ పోవును. పైగ గడప లోపలి బాలింతకు శ్లోకముతో పని యేమి?

మైసూరు అంతఃపురమువారు త్రొక్కినది ఇంతకంటె తెలివిగల దారి. 1805 ప్రాంతమున థామస్ హికీ అను చిత్రకారుడు ముగ్గురు రాజస్త్రీల పటమును వ్రాసెను. అందు కుడివైపు నిలిచిన యువరాణి పైట కొంచెము తొలగించి, వ్రేలితో తన చేతిని చూపుచున్నది. ఆమె మూడవ కృష్ణరాజ ఒడయరు భార్య దేవాజమ్మణి యనియు, చూపుచున్నది టీకా స్థానమనియు, ఎడమవైపు రాణి మూతిచుట్టు నున్న మచ్చలు పాతపద్ధతి గీటు ఫలితములనియు, నడుమ నున్నామె రాజపితామహీ స్థానమున నున్న లక్ష్మమ్మణ్ణి యనియు ఇటీవలి చరిత్రకారుల అభిప్రాయము. రాణులు పరుల కంటబడుటయే అరుదైన కాలమది. చేతిపై మచ్చను చూపుచు పటము వ్రాయించుకొనుటకు ఇంటిపెద్ద యగు ముదుసలి ప్రక్కనుండి సమ్మతింపనిదే ఆ పడుచు సాహసించియుండదు.

స్త్రీల విషయమున నున్న ముఖ్యమైన యడ్డు మఱియొకటి గలదు: టీకాలవారందఱును పురుషులు. ఘోషాలోనున్న బాలింత చేయి చాపుట యెట్లు? 1880లో టీకాల చట్టము వచ్చెను. అది అమలు జరిగిన పట్టణములలో ఆఱునెలలు నిండిన బిడ్డకు టీకా వేయించుట తప్పనిసరి, వేయింపనిచో దండన. దండన పడునది తండ్రికి. బిడ్డ యుండునది తల్లి యొడిలో. మదరాసు వైద్యకళాశాలలో చదివిన మేరీ షార్లీబ్ అను ఆంగ్లస్త్రీ 1885లో కులస్త్రీలకును ఘోషాస్త్రీలకును ప్రత్యేకముగ నొక ఆసుపత్రిని చెన్నపురిలో నెలకొల్పిన పిదప గాని వైద్యము చేయువారు స్త్రీలు కూడ కావచ్చునని మన కుటుంబములకు తెలియలేదు. చట్టమువలన కానిపని చీరకట్టిన ఒక నర్సమ్మ వలన నయ్యెనని తరువాతి యనుభవము.

ఈ యెదిరింపు మన దేశమునకే ప్రత్యేకమని యెవ్వరైన ననినచో నమ్మవలదు. ఇంగ్లాండున 1853లో శిశువులకు టీకా నిర్బంధము చేయగా, జరిమానాలు చెల్లింపలేక చెఱకు పోయిన తల్లిదండ్రులు కలరు. 1885లో లెస్టరు నగరమున వేలకొలది జనులు ఊరేగి చట్టమును ధిక్కరించిరి. 1898లో ప్రభుత్వము దిగివచ్చి, మనస్సాక్షి యొప్పని తల్లిదండ్రులకు మినహాయింపు నిచ్చెను. మన మహాత్ముడును టీకాను మలినమైన దనియు జీవహింసతో కూడిన దనియు తన ఆరోగ్య గ్రంథమున ఖండించెను. 1930లో సబర్మతీ ఆశ్రమమున బాలలు కొందఱు మశూచిచే మరణించినప్పుడు ఆయన పడిన వేదన ఆయన లేఖలలోనే కలదు. ఐనను తన యభిప్రాయమును విడువలేదు, టీకా వేయించుకొనదలచినవారికి అడ్డును చెప్పలేదు. ఇంత పెద్దల మధ్యనే భేదాభిప్రాయము లుండగా గ్రామమునందలి తల్లిని మూఢురాలనుట న్యాయము కాదు. మశూచికము మాత్రము 1975లో మన దేశమునుండి తొలగెను. 1980లో లోకమున లేదని ప్రపంచారోగ్య సంస్థ ప్రకటించెను. తల్లులు పుట్టిండ్లకు పరుగెత్తినను, కడకు చాలమంది చేతులపై ఆ మచ్చ పడినది.

ఇక గర్భిణుల సంగతి. మశూచి టీకా బిడ్డకు వేయునది. తల్లి చేతికి వేసి బిడ్డను రక్షించు టీకా వేఱొకటి వచ్చినది. దానికి కారణమైన రోగము ధనుర్వాతము. చంటిబిడ్డ పుట్టిన మూడునాళ్లు చక్కగ పాలు త్రాగి, ఆఱవ యేడవ దినమున నోరు తెఱవలేక, దవడలు బిగిసి, విల్లువలె వంగి ప్రాణము విడుచును. ఎనిమిదవనాటి జబ్బని దీనికి పలుదేశములలో పేరు. మనవారు గాలి యనిరి, గ్రహమనిరి. కొడవలితో బొడ్డు కోసి, బూడిదయో పేడయో అద్దుట వలన మంటిలోను పశువుల పేడలోను నుండు క్రిమిబీజములు బొడ్డులో చేరి ఈ యనర్థము కలుగునని 1884 తరువాత గాని తెలియలేదు. తల్లికిని ఇదే భయము. గర్భస్రావము వలనను, అధిక రక్తస్రావము వలనను, గాయము వలనను పుట్టిన అపతానకము సాధ్యము కాదని సుశ్రుతుడు నిదానస్థానమున చెప్పియున్నాడు. రోగమును గుర్తించుటలో ఆయన కన్ను ఎంత నిశితమో చూడుడు. మందు లేదని చెప్పుటలోను నిజాయితీ కలదు.

మందు దొరకినది మఱి పెక్కు శతాబ్దములకు. 1890లో బేరింగ్, కిటసాటో యను వారిరువురు ధనుర్వాత విషమునకు విరుగుడు రక్తమున పుట్టునని కనుగొనిరి. రెండేండ్లకు పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్ష మన గ్రామస్థులకు రుచించునట్టిది. ఆయన వాడిన విషములు మనకు తెలిసిన గింజలలోనివే: ఒకటి గురివింద గింజలోనిది, మఱియొకటి ఆముదపు గింజలోనిది. ఆడు చుంచులకు ఈ విషమును అణుమాత్రముగ మొదలుపెట్టి క్రమముగ హెచ్చించుచు అలవాటు చేసెను. వాని పిల్లలకు విషమిచ్చినను చావలేదు. తండ్రి మాత్రమే అలవాటుపడినచో పిల్లలకు రక్షణ లేదు. పిమ్మట పిల్లలను తారుమాఱు చేసి, రక్షణ లేని తల్లి పిల్లలను రక్షణ గల తల్లిచే పాలిప్పించెను. వానికిని బలము వచ్చెను. తల్లి రక్తమునందును పాలయందును ఆమె పొందిన రక్షణ బిడ్డకు దిగునని ఇట్లు తేలినది. దాది యెవ్వరని మన పెద్దలు విచారించుటయు, లేడీ మేరీ తన దాదిని గుఱించి వెనుదీయుటయు ఈ సందర్భమున తలపునకు వచ్చును.

1920 తరువాత ఫ్రాన్సున రామోన్ మొదలగువారు ధనుర్వాత విషమును నిర్వీర్యము చేసి టీకాగ మార్చిరి. రెండవ ప్రపంచ యుద్ధమున అది సైనికులను కాపాడెను. సైనికుని కాలి గాయమునకు పనిచేయునది బిడ్డ బొడ్డు గాయమునకు పనిచేయదా? న్యూగినీ ద్వీపమున వైద్యులు కొందఱు గర్భిణులకు రెండుమూడు మాఱులు ఈ టీకా వేసి చూడగా, వారి బిడ్డలకు ధనుర్వాతము తప్పినదని 1961లో ప్రకటించిరి. 1988లో లోకమున ఏడు లక్షల ఎనుబది వేలకు పైగ పసికందులు ఈ రోగమున మరణించినట్లు ప్రపంచారోగ్య సంస్థ అంచనా.

మన దేశమున 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమమున గర్భిణులకును ఈ సూది చేరెను. అప్పుడు మఱల పాత కథయే నడచినది. కడుపుతోనున్నదానికి సూదియా? గర్భము పోవునని అత్తగార్ల భయము. దీనికిని కారణములు లేకపోలేదు. 1957 మొదలు 1961 వఱకు థాలిడోమైడ్ అను బిళ్లలను వేవిళ్లకు మ్రింగిన ఐరోపా స్త్రీలకు చేతులు కాళ్లు లేని బిడ్డలు పుట్టిరి. గర్భిణికి ఏ మందైనను ఆలోచించి యీయవలెనని వైద్యులే అప్పుడు నేర్చిరి. తట్టు టీకా వంటి సజీవ క్రిముల టీకాలను నేటికిని గర్భిణులకు వేయరు. మఱియొక కారణము మనకు సమీపమైనది. 1975–77 అత్యయిక పరిస్థితి కాలమున సంతాననిరోధ శస్త్రచికిత్సలకై ఊరిమీద పడిన ఆరోగ్యశాఖ వారే ఈ సూదులు వేయుటకును వచ్చువారు. ఒకే చేతినుండి వచ్చిన రెండు వస్తువులను ప్రజలు వేఱుపఱుపలేకపోయిరన్నచో తప్పు ప్రజలదే యనజాలము. ఇది సంతానము కలుగకుండ చేయు సూది యను వదంతి 1990 తరువాత ఫిలిప్పీను, మెక్సికో దేశములలోను వ్యాపించెను. దాని వెనుక నొక అణువంత నిజము కలదు: ఢిల్లీలో తల్వార్ అను శాస్త్రజ్ఞుడు గర్భనిరోధక టీకాను పరిశోధించినప్పుడు ధనుర్వాత టీకా పదార్థమును దానికి వాహకముగ వాడెను. ఆ పరిశోధన వేఱు, గర్భిణులకు వేయు టీకా వేఱు. నూలుపోగంత నిజము దొరకినచో వదంతి దానితో చీర నేయును.

ఐనను ఈ సూదిని తల్లులు కడకు మశూచి టీకా కంటె త్వరగ అంగీకరించిరి. కారణము నాకు తోచినంతలో సులభము: దానిని వేయునది ఊరిలోనే తిరుగు నర్సమ్మ, ఆసుపత్రిలో పురుడు పోసుకొన్న తోడికోడలి బిడ్డ బ్రతికియున్నది, తన మొదటి బిడ్డ ఎనిమిదవనాడు పోయినది. ఈ లెక్క ఎవ్వరును నేర్పనక్కఱలేదు. శుభ్రమైన కత్తి, శుభ్రమైన దారము, బొడ్డునకు ఏమియు అద్దకుండుట, ఇవియు టీకాతో సమముగ పనిచేసినవి. తల్లిబిడ్డల ధనుర్వాతమును నిర్మూలించినట్లు మన దేశమున తొలుత పరీక్షకు నిలిచి 2003లో గెలిచిన రాష్ట్రము ఆంధ్రప్రదేశము. నేటి తెలంగాణమును అప్పుడు అందే యుండెను. దేశమంతటికి ఆ గుర్తింపు 2015లో వచ్చెను. నిర్మూలన మనగా ప్రతి జిల్లాయందును వేయి కాన్పులకు ఒకటి కంటె తక్కువగ రోగము కనబడుట. క్రిమి మాత్రము మంటిలోనే యున్నది. మశూచివలె అది లోకమునుండి పోవునది కాదు.

మొన్నటి కోవిడ్ మహమ్మారి కాలమున ఇదే సంశయము మఱల లేచినది. ఈమాఱు మొదట సంశయించినవారు వైద్యులు. 2021 జనవరి 16న దేశమున టీకాలు ఆరంభమైనప్పుడు గర్భిణులను, బాలింతలను మినహాయించిరి. వారిపై పరీక్షలు జరుగలేదు గనుక. మే మాసమున పాలిచ్చు తల్లులకును, జూలై 2న గర్భిణులకును అనుమతి వచ్చినది. ఆఱు మాసములు వలదనిన నోటితోనే వేయించుకొనుమనినప్పుడు, ఏది నమ్మవలెనని చూలింతలు అడిగిరి. గర్భిణికి ఆ రోగము ముదిరినచో అపాయము హెచ్చని అప్పటికి తేలుటయే మార్పునకు కారణము. ఆ కారణమును కూర్చుండి విప్పి చెప్పిన చోట తల్లులు వచ్చిరి. ఆజ్ఞ మాత్రమే చేరిన చోట రాలేదు.

నేడు ప్రతి గర్భిణికి ఆరోగ్యకేంద్రమున నొక కార్డు నిత్తురు. అందు బిడ్డ పుట్టగనే వేయవలసిన బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా వరుసగ నుండును. వానికంటె ముందు తల్లికి వేయవలసిన గడులు కలవు: గర్భము తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారములకు రెండవది. మూడేండ్లలోపల రెండును వేయించుకొని మఱల గర్భవతియైనచో ఒక్కటి చాలును. ధనుర్వాతమునకు తోడు కంఠసర్పికి గూడ రక్షణ నిచ్చునట్లు ఆ మందును ఇటీవల మార్చిరి. కార్డుపై బిడ్డ పేరునకు విడిచిన చోటు అప్పటికి ఖాళీగనే యుండును.